రిక్వైర్‌జేఎస్ ఉన్న పేజీలో ఛార్ట్‌జేఎస్, లీఫ్‌లెట్ ఎలా లోడ్ చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హన్మకొండలో మీరు చూసుకుంటున్న పాత సైటు రిక్వైర్‌జేఎస్ (జావాస్క్రిప్ట్ ఫైళ్లను అడిగినప్పుడు తెచ్చిపెట్టే లోడర్) మీద నడుస్తోంది. అందులో ఎనుమాముల, కేసముద్రం, జమ్మికుంట మార్కెట్ల మిర్చి, పత్తి ధరల పేజీకి ఛార్ట్‌జేఎస్‌తో గ్రాఫు, లీఫ్‌లెట్‌తో మ్యాపు కలపాలి. రెండింటికీ మామూలు స్క్రిప్ట్ ట్యాగులు పెట్టారు. కన్సోల్‌లో “మిస్‌మ్యాచ్డ్ అనానిమస్ డిఫైన్” అని ఒక ఎర్రరు, దాని వెనుకే “ఛార్ట్ ఈజ్ నాట్ డిఫైన్డ్” అని ఇంకొకటి వస్తున్నాయి. రిఫ్రెష్ కొడితే ఒక్కోసారి పనిచేస్తోంది. ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి ఫోన్లో తెరిచినవాళ్లకు మాత్రం “లోడ్ టైమౌట్” కనిపిస్తోంది. రిక్వైర్‌జేఎస్ ట్యాగుకు ఎసింక్ పెట్టి ఉందని కూడా రాశారు. ఆ ముక్క రాయడం మంచిదైంది, సగం జవాబు అందులోనే ఉంది.

సూటిగా చెప్తే: ఆ రెండు స్క్రిప్ట్ ట్యాగులూ తీసేయండి, లైబ్రరీలను లోడర్ చేతనే రప్పించండి. రిక్వైర్ కాన్ఫిగ్‌లోని పాత్స్‌లో రెండింటికీ పేర్లు ఇవ్వండి. మీ కోడ్‌లో ఆ పేర్లతోనే అడగండి. కాల్‌బ్యాక్‌కు వచ్చిన ఆర్గ్యుమెంటునే వాడండి, విండో మీద వెతకకండి. షిమ్ (డిఫైన్ పిలవని పాత ఫైళ్ల కోసం కాన్ఫిగ్‌లో రాసేది) అక్కర్లేదు. ఫైలు కోసం లోడర్ ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే వెయిట్‌సెకండ్స్ విలువ 30కి పెంచండి. రిక్వైర్‌జేఎస్ ట్యాగు నుంచి ఎసింక్ తీసేయండి. ముందు ఇంతవరకు చేసి చూడండి. కింద రాసింది ఎందుకు ఇలా అవుతోంది, చేసేటప్పుడు ఎక్కడెక్కడ తప్పుతుంది అన్నది.

ఈ రెండు లైబ్రరీల ఫైళ్లూ యూఎండీ పద్ధతిలో, అంటే ఎక్కడ పెట్టినా నడిచేలా, కట్టినవి. అలాంటి ఫైలు మొదటి లైన్లలోనే తన చుట్టూ ఏముందో చూసుకుంటుంది. ఎక్స్‌పోర్ట్స్ ఆబ్జెక్టు కనిపిస్తే నోడ్‌లో (సర్వర్ వైపు జావాస్క్రిప్ట్‌లో) ఉన్నానని అనుకుంటుంది. అది లేకపోతే డిఫైన్ అనే ఫంక్షన్, దానికి ఏఎండీ (రిక్వైర్‌జేఎస్ పాటించే మాడ్యూల్ పద్ధతి) అనే ప్రాపర్టీ ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే తన సరుకంతా డిఫైన్‌కు అప్పగించి ఊరుకుంటుంది. ఇవేవీ లేనప్పుడే విండో మీద గ్లోబల్‌గా కూర్చుంటుంది. మీ పేజీలో రిక్వైర్‌జేఎస్ ఉంది కాబట్టి డిఫైన్ ఉంది. అందుకే ఫైలు పూర్తిగా దిగినా విండో మీద ఛార్ట్ పుట్టలేదు.

మొదటి ఎర్రరు సంగతి. ఆ డిఫైన్ పిలుపులో మాడ్యూల్ పేరు ఉండదు, కావాలనే ఉంచరు. లోడర్ తానే ఒక స్క్రిప్ట్‌ను పంపించినప్పుడు ఏ పేరు కోసం పంపిందో దానికి తెలుసు. ఆ స్క్రిప్ట్ దిగగానే, క్యూలో ఉన్న పేరులేని డిఫైన్ దానిదేనని లెక్క కట్టి పేరు తగిలిస్తుంది. మీరు చేత్తో పెట్టిన ట్యాగు లోడర్ లెక్కలో లేదు. ఎనుమాముల యార్డులో ఆడ్తి పేరు లేకుండా దిగిన బస్తా ఎలాగో ఇదీ అలాగే: సరుకు మంచిదే, ఎవరి ఖాతాలో రాయాలో తెలియదు. లోడర్ దాన్ని ఎవరికో అంటగట్టకుండా ఎర్రరు ఇచ్చి ఆగిపోతుంది, అది సరైన పనే.

ఇక ఒక్కోసారి ఎందుకు పనిచేస్తోంది? ఎసింక్ ఉన్న స్క్రిప్ట్ దిగిన వెంటనే నడుస్తుంది, ట్యాగుల వరస పట్టించుకోదు. ఛార్ట్‌జేఎస్ ముందు నడిచి రిక్వైర్‌జేఎస్ తర్వాత వస్తే, ఛార్ట్ చూసే సమయానికి డిఫైన్ ఉండదు కాబట్టి గ్లోబల్ అవుతుంది, గ్రాఫు వస్తుంది. రిక్వైర్‌జేఎస్ కాషేలోంచి ముందే వచ్చిందంటే కథ తిరగబడుతుంది. మీ లాప్‌టాప్‌లో ఒకలా, రైతు ఫోన్లో ఇంకోలా కనిపించేది ఇందుకే.

చాలామందిని పక్కదారి పట్టించేది జేక్వెరీ. 2011లో వచ్చిన 1.7 నుంచి అది తన పేరు తానే రాసుకుని డిఫైన్ అవుతోంది, గ్లోబల్‌గా కూడా ఉంటుంది. అందుకని స్క్రిప్ట్ ట్యాగుతో పెట్టినా గొడవ చేయదు. అది చూసి మిగతా లైబ్రరీలూ అలాగే పెట్టొచ్చు అనుకుంటారు. ఆ సొంత పేరు వల్లే ఇంకో చిక్కు: పేరులో అక్షరాలన్నీ చిన్నవే. మీ పాత్స్‌లో మధ్యలో పెద్ద అక్షరం పెట్టి రాస్తే ఫైలు దిగుతుంది, ఎర్రరు కూడా రాదు, కానీ కాల్‌బ్యాక్‌లో ఆర్గ్యుమెంటు అన్‌డిఫైన్డ్‌గా వస్తుంది.

ఏ ఫైలు తీసుకోవాలి అన్నది ఇక్కడ అసలు ముఖ్యం. ఛార్ట్‌జేఎస్ 4 డిస్ట్ ఫోల్డర్లో వేర్వేరు రకాలున్నాయి. ఉత్త ఛార్ట్.జేఎస్ అని ఉన్నది ఈఎస్ మాడ్యూల్ (బ్రౌజర్ సొంత ఇంపోర్ట్ పద్ధతిలో రాసినది), దాన్ని లోడర్‌కు ఇస్తే “కెనాట్ యూజ్ ఇంపోర్ట్ స్టేట్‌మెంట్ అవుట్‌సైడ్ ఎ మాడ్యూల్” అని తిప్పికొడుతుంది. మీకు కావాల్సింది పేరు మధ్యలో యూఎండీ అని ఉన్న ఫైలు. లీఫ్‌లెట్ 1.9.4లో మామూలు లీఫ్‌లెట్.జేఎస్సే యూఎండీ, ఈఎస్ఎం అని పేరులో ఉన్నదాన్ని ముట్టుకోకండి. రెండింటినీ మీ సర్వర్లోనే, జేఎస్ ఫోల్డరు కింద లిబ్ అనే ఫోల్డర్లో పెట్టండి.

కాన్ఫిగ్‌లో బేస్‌యూఆర్ఎల్‌ను స్లాష్‌తో మొదలుపెట్టి సైటు మూలం నుంచి ఇవ్వండి. లేకపోతే అది పేజీ ఉన్న చోటి నుంచి లెక్కిస్తుంది, లోపలి ఫోల్డర్లోని పేజీల్లో 404 వస్తుంది. పాత్స్‌లో ఎడమవైపు మీరు పిలిచే పేరు, కుడివైపు ఫైలు పేరు, చివర డాట్ జేఎస్ లేకుండా. లోడర్ దాన్ని తానే తగిలిస్తుంది. మీరూ రాస్తే చివర రెండు డాట్ జేఎస్‌లు అవుతాయి. నెట్‌వర్క్ ట్యాబులో అలాంటి పేరు కనిపిస్తే ఇదే సంగతి.

కాన్ఫిగ్ ఎప్పుడు నడుస్తుందో కూడా చూసుకోండి. రిక్వైర్‌జేఎస్ ట్యాగులోని డేటా-మెయిన్‌లో ఇచ్చిన ఫైలును లోడర్ ఎసింక్‌గా తెస్తుంది. ఆలోగా పేజీలోనే రాసిన ఇంకో రిక్వైర్ పిలుపు నడిచిందంటే, దానికి మీ పాత్స్ తెలియవు, బేస్ ఫోల్డర్లో లేని ఫైలు కోసం వెళ్తుంది. దీనికి తేలికైన మార్గం: రిక్వైర్‌జేఎస్ ట్యాగుకు ముందే ఒక చిన్న స్క్రిప్ట్‌లో రిక్వైర్ అనే పేరుతో వేరియబుల్ పెట్టి, కాన్ఫిగ్ ఆబ్జెక్టును అందులో ఉంచండి. లోడర్ లేవగానే దాన్ని చదువుకుంటుంది, ముందువెనుకల గొడవ ఉండదు.

తర్వాత మీ కోడ్ మొత్తాన్ని ఛార్ట్, లీఫ్‌లెట్ అడిగే ఒక రిక్వైర్ పిలుపు లోపలికి తేవాలి. కాల్‌బ్యాక్‌లో మొదటి ఆర్గ్యుమెంటు ఛార్ట్, రెండోది ఎల్ (లీఫ్‌లెట్ తనకు పెట్టుకున్న పేరు). లిస్టులో ఏ వరసలో అడిగితే అదే వరసలో వస్తాయి. ఒకటి మధ్యలో చేర్చి ఆర్గ్యుమెంట్లలో చేర్చడం మరిస్తే అన్నీ ఒక గడి జరిగిపోతాయి. బయట పేజీలో “న్యూ ఛార్ట్” అని ఎక్కడ రాసి ఉన్నా అది ఇక పనిచేయదు. లీఫ్‌లెట్ మాత్రం ఏఎండీగా వచ్చినా విండో మీద ఎల్‌ను కూడా పెడుతుంది, కాబట్టి లీఫ్‌లెట్ పాత కోడ్ నడిచి ఛార్ట్ కోడ్ నడవకపోతే కంగారు పడకండి.

ధరల గ్రాఫు కాబట్టి అడుగున తేదీల అక్షం పెడతారు. ఛార్ట్‌జేఎస్ 3 నుంచి టైమ్ స్కేలుకు విడిగా డేట్ అడాప్టర్ కావాలి, డేట్-ఎఫ్ఎన్ఎస్ అడాప్టర్ బండిల్ ఫైలు సరిపోతుంది. ఇక్కడ ఒక గుంత ఉంది. ఆ అడాప్టర్ తన డిపెండెన్సీని “ఛార్ట్.జేఎస్” అన్న పేరుతో అడుగుతుంది, అది ఎన్‌పీఎం ప్యాకేజీ పేరు. రిక్వైర్‌జేఎస్‌కు డాట్ జేఎస్‌తో ముగిసే పేరు మాడ్యూల్ పేరు కాదు, నేరుగా యూఆర్ఎల్. దాంతో మీ పాత్స్‌ను వదిలేసి, పేజీ పక్కన ఆ పేరుతో ఫైలు వెతుకుతుంది, 404 వస్తుంది. పేజీ పక్కన నిజంగానే ఆ పేరుతో ఏదైనా ఫైలుంటే ఇంకా చెడ్డ, రెండో ఛార్ట్ కాపీ దిగి అడాప్టర్ దానికి అతుక్కుంటుంది. పరిష్కారం మ్యాప్ కాన్ఫిగ్: నక్షత్రం గుర్తు కింద, “ఛార్ట్.జేఎస్” అని ఎవరు అడిగినా “ఛార్ట్” ఇవ్వమని ఒక్క లైను రాయండి. పేరు మార్పిడి యూఆర్ఎల్ తేల్చడానికి ముందే జరుగుతుంది కాబట్టి సరిగ్గా పనిచేస్తుంది.

మ్యాపులో మండలాల వారీగా చాలా గుర్తులు పెడతారేమో. దగ్గరదగ్గర గుర్తులను గుంపుగా చూపించే మార్కర్‌క్లస్టర్ ప్లగిన్ తన ఫైల్లో లీఫ్‌లెట్‌ను డిపెండెన్సీగా అడగదు, గ్లోబల్ ఎల్ ఉంటుందన్న నమ్మకంతో నడుస్తుంది. రెండింటినీ ఒకే లిస్టులో అడిగితే రెండూ ఒకేసారి బయల్దేరతాయి, ప్లగిన్ ఫైలు చిన్నది కాబట్టి తరచూ ముందే వస్తుంది, “ఎల్ ఈజ్ నాట్ డిఫైన్డ్” అంటుంది. దీనికి షిమ్ రాయాలనిపిస్తుంది. షిమ్ డిఫైన్ పిలవని పాత ఫైళ్ల కోసమే. డిఫైన్ పిలిచే ఫైలుకు షిమ్ రాస్తే ఎక్స్‌పోర్ట్స్, ఇనిట్ నడవవు. డిపెండెన్సీల వరస కూడా నమ్మదగ్గది కాదు. లీఫ్‌లెట్ కాల్‌బ్యాక్ లోపల ఇంకో రిక్వైర్ పెట్టి ప్లగిన్‌ను అడగండి. చూడ్డానికి అంత అందంగా ఉండదు, వరస మాత్రం ఖాయం. జేక్వెరీ మీద ఆధారపడే పాత ప్లగిన్లు ఏవైనా ఉంటే, అవి డిఫైన్ పిలవకపోతే, అక్కడ షిమ్ రాసి డెప్స్‌లో జేక్వెరీ పేరు ఇవ్వండి.

లీఫ్‌లెట్ సీఎస్ఎస్‌ను రిక్వైర్‌జేఎస్ తేదు. హెడ్‌లో లింక్ ట్యాగుతో పెట్టండి, దాని పక్కనే ఇమేజెస్ ఫోల్డరూ ఉండాలి. లేకపోతే మ్యాపు ముక్కలు చెల్లాచెదురుగా, గుర్తులు విరిగిన బొమ్మలుగా వస్తాయి. మ్యాపు డివ్‌కు సీఎస్ఎస్‌లో ఎత్తు ఇవ్వండి. మ్యాపు దాచిన ట్యాబులో ఉంటే, ట్యాబు తెరిచాక ఇన్‌వాలిడేట్‌సైజ్ పిలవండి. వరంగల్ మధ్యగా పెట్టడానికి 17.97, 79.59 సరిపోతాయి, లీఫ్‌లెట్‌లో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టైల్స్ వాడితే కింద వాళ్ల పేరు తప్పకుండా చూపించాలి.

ఇప్పుడు ములుగు ఫోన్ల సంగతి. మీ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే, ఎందుకంటే ధర చూడాల్సినవాళ్లు వాళ్లే. రిక్వైర్‌జేఎస్ డిఫాల్ట్‌గా 7 సెకన్లే ఆగుతుంది, చివరి ఫైలు అడిగినప్పటి నుంచి లెక్క. లెక్క వేయండి: ఛార్ట్ యూఎండీ ఫైలు జిజిప్ (కుదింపు) తర్వాత సుమారు 70 కేబీ, లీఫ్‌లెట్ సుమారు 42 కేబీ. రెండూ కలిపి 112 కేబీ, అంటే 900 కిలోబిట్ల దాకా. సెకనుకు 100 కిలోబిట్లు వచ్చే చోట దాదాపు 9 సెకన్లు. ఫైళ్లు బాగానే వస్తుంటాయి, 7 దాటగానే లోడర్ చేతులెత్తేస్తుంది. సర్వర్లో జిజిప్ లేకపోతే అవే ఫైళ్లు 350 కేబీ దాకా ఉంటాయి, అదే వేగంలో 28 సెకన్లు. కాబట్టి టైమౌట్ పెంచే ముందు నెట్‌వర్క్ ట్యాబులో కంటెంట్-ఎన్‌కోడింగ్ హెడర్ చూడండి. అక్కడ జిజిప్ గానీ బ్రాట్లీ గానీ లేకపోతే ముందు సర్వర్లో ఆ పని చేయండి.

వెయిట్‌సెకండ్స్‌కు 0 ఇస్తే టైమౌటే ఉండదు. అది కూడా కొందరు సూచిస్తారు. మీకు వద్దంటాను, కారణం కింద సీడీఎన్ (లైబ్రరీ ఫైళ్లను అందరికీ పంచే బయటి సర్వర్లు) దగ్గర చెప్తాను.

అదే కాన్ఫిగ్‌లో యూఆర్ఎల్ఆర్గ్స్ (ప్రతి ఫైలు యూఆర్ఎల్ చివర అతికేది) ఉందేమో చూడండి. అందులో ప్రస్తుత సమయాన్ని అతికించే లైను ఉంటే వెంటనే మార్చండి. అది డెవలప్‌మెంట్ కోసం రాసుకునేది. లైవ్‌లో మిగిలిపోతే ప్రతిసారీ యూఆర్ఎల్ కొత్తదవుతుంది, ఫోన్ కాషే ఎందుకూ పనికిరాదు, రోజూ ధర చూసే మనిషి రోజూ అంతా మళ్లీ దించుకోవాలి. సమయం బదులు వెర్షన్ నంబరు పెట్టండి, ఫైలు మార్చినప్పుడే దాన్ని మార్చండి.

ఇంకో మాట, ఇది లోడర్ గురించి కాదు, పేజీ గురించి. ధరల పట్టికను మామూలు హెచ్‌టీఎంఎల్‌గా సర్వర్ నుంచే పంపండి. తేజ మిర్చి ఎంత, చపాటా మిర్చి ఎంత అన్నది జావాస్క్రిప్ట్ రాకముందే కనిపించాలి. గ్రాఫును “గ్రాఫు చూపించు” బటను నొక్కాకే రిక్వైర్ చేయండి. రిక్వైర్‌కు మూడో ఆర్గ్యుమెంటుగా ఎర్రర్ కాల్‌బ్యాక్ ఇవ్వొచ్చు, చాలామంది ఇవ్వరు. మీరు ఇవ్వండి. అందులో వచ్చే ఎర్రరుకు రిక్వైర్‌టైప్ ఉంటుంది: టైమౌట్, స్క్రిప్ట్ఎర్రర్, నోడిఫైన్ అని. రిక్వైర్‌మాడ్యూల్స్‌లో ఏది రాలేదో పేరుంటుంది. “నెట్ నెమ్మదిగా ఉంది, మళ్లీ ప్రయత్నించండి” అని ఒక బటను పెట్టి, అది నొక్కితే ముందు ఆ మాడ్యూల్‌ను అన్‌డెఫ్ చేసి (లోడర్ దాన్ని మరిచిపోయేలా చేసి), తర్వాత మళ్లీ రిక్వైర్ చేయండి. అన్‌డెఫ్ చేయకుండా మళ్లీ అడిగితే లోడర్ కొత్తగా ఫైలు కోసం వెళ్లదు.

సీడీఎన్ వాడొచ్చా? వాడొచ్చు, మీకు లాభం తక్కువ. వేరే సైటులో ఇప్పటికే దిగిన ఛార్ట్ ఫైలు మన పేజీకి కూడా కాషేలోంచి వస్తుందన్న మాట పాతబడింది. క్రోమ్ 2020లో 86తో, ఫైర్‌ఫాక్స్ 2021లో 85తో సైటు వారీగా కాషేను విడదీశాయి. పైగా చాలా సైట్లు స్క్రిప్ట్ తెచ్చుకునే పాలీఫిల్.ఐఓ డొమైన్ చేతులు మారాక దాన్నుంచి వేల సైట్లకు చెడ్డ కోడ్ వెళ్లినట్టు 2024 జూన్‌లో బయటపడింది. సీడీఎనే కావాలంటే వెర్షన్ ఖాయం చేసిన యూఆర్ఎల్ ఇవ్వండి, “లేటెస్ట్” వద్దు. ఇంటిగ్రిటీ హాష్ (ఫైలు మారలేదని బ్రౌజర్ సరిచూసే గుర్తు) పెట్టడానికి ఆన్‌నోడ్‌క్రియేటెడ్ అనే కాన్ఫిగ్ ఉంది. లోడర్ స్క్రిప్ట్ ట్యాగు తయారు చేయగానే మీ ఫంక్షన్‌కు ఇస్తుంది, మాడ్యూల్ పేరు చూసి ఇంటిగ్రిటీ, క్రాస్ఆరిజిన్ రెండూ తగిలించండి.

సీడీఎన్ దొరక్కపోతే సొంత కాపీ వాడాలంటే, పాత్స్‌లో ఒక పేరుకు రెండు దారులు ఎరేగా ఇవ్వండి: మొదటిది సీడీఎన్, రెండోది మీ సర్వర్. మొదటిది విఫలమైతే లోడర్ రెండోదానికి వెళ్తుంది. సీడీఎన్ 404 ఇస్తే వెంటనే వెళ్తుంది. కానీ కనెక్షన్ వేలాడుతూ ఉంటే, వెయిట్‌సెకండ్స్ దాటాకే వెళ్తుంది. 0 పెట్టినచోట ఆ క్షణం రాదు, బ్రౌజర్ తానే విసిగి వదిలేసేదాకా పేజీ తెల్లముఖం వేసుకుని కూర్చుంటుంది. 30 అన్నది డిఫాల్ట్ 7కూ, అసలు టైమౌటే లేకపోవడానికీ మధ్య విలువ.

మీరు వెతికితే రెండు అడ్డదారులు కనిపిస్తాయి. ఒకటి, లైబ్రరీ ట్యాగులను రిక్వైర్‌జేఎస్ ట్యాగుకు ముందు, ఎసింక్ లేకుండా పెట్టడం. ఇది నిజంగానే పనిచేస్తుంది, అప్పటికి డిఫైన్ లేదు కాబట్టి రెండూ గ్లోబల్ అవుతాయి. లోడర్ వచ్చాక “ఛార్ట్” అన్న పేరుతో మీరే ఒక డిఫైన్ రాసి విండో మీది ఛార్ట్‌ను తిరిగి ఇస్తే, మిగతా మాడ్యూళ్లు మామూలుగా అడగొచ్చు. రేపే లైవ్ కావాలంటే ఇది చేయండి. పేజీ చూపించడం ఆలస్యమవుతుంది, అది దీని ఖరీదు. రెండోది, లైబ్రరీ దిగేంతసేపు డిఫైన్.ఏఎండీని తీసేసి తర్వాత తిరిగి పెట్టడం. ఇది చేయకండి. ఆ మధ్యలో లోడర్ రప్పిస్తున్న మిగతా యూఎండీ ఫైళ్లు కూడా ఏఎండీ లేదనుకుని గ్లోబల్‌కు వెళ్లిపోతాయి. ఏది ఎప్పుడు దిగుతుందో నెట్‌ను బట్టి మారుతుంది కాబట్టి తప్పు రోజుకో చోట కనిపిస్తుంది, దొరకదు.

రిక్వైర్‌జేఎస్ వదిలేసి డైనమిక్ ఇంపోర్ట్‌కు (బ్రౌజర్ తానే మాడ్యూళ్లను తెచ్చే పద్ధతికి) వెళ్లాలా అని కూడా అడిగారు. కొత్త పేజీ మొదలుపెడితే అదే దారి. ఏ పేరుకు ఏ ఫైలో బ్రౌజర్‌కు చెప్పే ఇంపోర్ట్ మ్యాప్స్ 2023 మార్చిలో సఫారీ 16.4 వచ్చాక అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ ఉన్నాయి. పాత పేజీలో రెండూ కలిపి వాడొచ్చు, ఒక జాగ్రత్తతో: ఇంపోర్ట్‌కు యూఎండీ ఫైలు ఇవ్వకండి. అదీ డిఫైన్‌ను చూసి దానికే అప్పగిస్తుంది, మీరు మళ్లీ మొదటి ఎర్రరు దగ్గరికే వస్తారు. ఈఎస్ మాడ్యూల్ ఫైలు ఇవ్వాలి, దానికి డిఫైన్ పట్టదు. ఛార్ట్‌జేఎస్ 4 ఈఎస్ ఫైలు లోపల “కుర్కిల్ కలర్” అనే ఇంకో ప్యాకేజీని ఉత్త పేరుతో ఇంపోర్ట్ చేసుకుంటుంది, ఇంపోర్ట్ మ్యాపులో దానికీ దారి చూపించాలి. పాత ఫోన్లు ఎక్కువున్న మీ పేజీకి ప్రస్తుతానికి రిక్వైర్‌జేఎస్సే ఉంచండి, వెర్షన్ మాత్రం 2024లో వచ్చిన 2.3.7కు మార్చండి, అందులో భద్రతకు సంబంధించిన సవరణ ఉంది.

అన్నీ మార్చాక పరీక్షించడం ఇలా. క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబులో కస్టమ్ ప్రొఫైల్ చేసి 100 కేబీపీఎస్ (సెకనుకు 100 కిలోబిట్లు), 400 మిల్లీసెకన్ల లేటెన్సీ పెట్టండి, డిజేబుల్ కాషే టిక్ చేసి తెరవండి. తర్వాత ఛార్ట్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఆ రిక్వెస్టును బ్లాక్ చేసి, పట్టిక కనిపిస్తోందా, మళ్లీ ప్రయత్నించే బటను వస్తోందా చూడండి. కన్సోల్‌లో రిక్వైర్‌జేఎస్.డిఫైన్డ్ ఫంక్షన్‌కు “ఛార్ట్” అన్న పేరిస్తే నిజమో కాదో చెప్తుంది. “అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్” అని చిన్న బాణం గుర్తుతో ఎర్రరు వస్తే, ఫైలు బదులు సర్వర్ మీ 404 హెచ్‌టీఎంఎల్ పేజీని 200తో పంపుతోందని అర్థం. రెస్పాన్స్ ట్యాబు తెరిస్తే కనిపిస్తుంది. మీ విండోస్ మెషీన్లో బాగుండి హోస్టింగ్‌లో మాత్రమే 404 వస్తే ఫైలు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాలు సరిచూడండి. లినక్స్ సర్వర్‌కు ఆ రెండూ వేర్వేరు ఫైళ్లు.

ఇవి చేశాక కూడా ఏదైనా మిగిలితే మీ కాన్ఫిగ్ బ్లాకు మొత్తం, నెట్‌వర్క్ ట్యాబులో ఎర్రగా ఉన్న లైన్లూ ఇక్కడ పెట్టండి. కన్సోల్ స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే ఏ ఫైలు ఏ దారిలో వెళ్లిందో తెలియదు.